రూత్ పెట్టని బంతి

గోనెగండ్ల రూత్ హాస్టల్లో చదివే రోజుల్లో తన్నిన చెండు ఒకటి ఇంకా కింద పడలేదు.

నమ్మనివాళ్లు ఎమ్మిగనూరు బస్టాండు చుట్టుపక్కల ఏ టీకొట్టులోనైనా విచారించుకోవచ్చు. కుడికాలితో లాగి ఒక్క తన్ను తన్నిందట. చెండు లేచి, హాస్టలు గోడ దాటి, కరెంటు తీగలు దాటి, ఉరుకుందకు పోతున్న బస్సు మీదుగా సాగిపోతుంటే, లోపలి భక్తులు కిటికీల్లోంచి చూసి ఈరన్నస్వామే ఎదురొస్తున్నాడనుకుని దండం పెట్టారట. గూడూరు దగ్గర ఒక రైతు ఆ నీడ చూసి మబ్బు పట్టిందని ఆరబోసిన కందులు లోపలికి ఎత్తుకున్నాడు. ఆదోని పత్తి మార్కెట్టులో వేలంపాట కాసేపు ఆగింది. అక్కడినుంచి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. తమ ఆకాశంలోకి మాత్రం రాలేదని కర్ణాటకవాళ్లు అంటారు. వాళ్ల మాట మనం ఎందుకు నమ్మాలి?

ఇలాంటి మనిషి అసెంబ్లీకి పోటీ చేస్తానంటే ఎదుటివాళ్లకు డిపాజిట్లయినా దక్కుతాయా అని జనం జాలిపడ్డారు. జాలి పడనిది రూత్ ఒక్కతే. ఆమెకు మాటలు తక్కువ. తన గురించి ఎవరైనా గొప్పగా మొదలుపెడితే, పళ్ల డాక్టరు ముందు కూర్చున్నదానిలా మొహం పెడుతుంది.

రూత్ తల్లి ముత్తమ్మ కూలి మనిషి. ఈ వైపు సగం ఊళ్లలాగే వాళ్ల వాడలోనూ పత్తి పని అయిపోగానే ఇళ్లకు తాళాలు పడతాయి. సుగ్గికి పోవడమంటారు దాన్ని. మూటలు, కోళ్లు, పిల్లలు అందరినీ లారీకెక్కించి గుంటూరు వైపు మిరపకోతకు పోయి, ఎండలు ముదిరాక తిరిగి రావడం. రూత్ చదువు కూడా చాలాకాలం ఆ లారీలోనే పోతూ వస్తూ ఉండేది. మిరపచేల గట్ల మీద ఆమె తన్నుతూ పెరిగిన చెండు కూడా లారీలో పుట్టిందే. చిరిగిన గోనెపట్టాలో పత్తి తుక్కు కుక్కి, పురికొసతో బిగించి కట్టినది. వానకు తడిస్తే అది బండరాయి. అలాంటిదాన్ని తన్ని తన్ని ముదిరిన కాలికి, ఎమ్మిగనూరు హాస్టల్లో వ్యాయామం అయ్యవారు అసలైన తోలు చెండు వేస్తే, ఊదిన బుడగను తన్నినట్టే అనిపించిందట. గోడ దాటిపోయింది అందుకే.

హాస్టలు నుంచి జిల్లా జట్టు, జిల్లా నుంచి రాష్ట్రం, ఆ తర్వాత బెంగుళూరు, గోవా, కలకత్తా క్లబ్బులు. ఆడినందుకు నెలనెలా జీతం. ఆ సంగతి ముత్తమ్మ మిరపచేలో చెబితే, పక్క సాలులో కోస్తున్న తాయమ్మ నడుము పైకెత్తి నిలబడింది.

"ఆడుకున్నేదానికి జీతమిస్తారా?"

"ఇస్తారంటక్కా."

"మరి పని సేస్తే ఏమిస్తారంట?"

ముత్తమ్మ నడుము వంచి మళ్లీ కోతలో పడింది.

రూత్ ఆడేది వెనక వరుసలో. గోలు కొట్టడం ఆమె పని కాదు, కొట్టనీయకపోవడం ఆమె పని. ఎదురుగా దూసుకొచ్చే మనిషి కాళ్లు అబద్ధం చెబుతాయి. కళ్లు ఇంకా పెద్ద అబద్ధం చెబుతాయి. అబద్ధం చెప్పలేనిది నడుము ఒక్కటే. నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోతుంది. అందుకని రూత్ అందరి నడుములూ చూస్తుంది. ఆట మానిన తర్వాత కూడా ఆ అలవాటు పోలేదు. దీనివల్ల ఒకసారి పెళ్లిచూపుల్లో పెద్ద గొడవే అయింది గానీ, అది వేరే కథ.

ఒక ఏడు క్లబ్బుకు సెలవులిస్తే ఇంటికొచ్చి, హాస్టలు పిల్లలకు ఆట నేర్పుతూ కూర్చుంది. జట్టు కుదిరింది. పిల్లలు గట్టిగా ఉన్నారు. సుగ్గి కాలం వచ్చింది. ఒక పొద్దున మైదానానికి పోతే జట్టులో సగం మంది లేరు. లారీ ఎక్కేశారు. తల్లిదండ్రులు సుగ్గికి పోయినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు ఊరూరా హాస్టలు ఒకటి పెట్టించమని ఆమె ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఏ ఆఫీసుకు పోయినా ఒకటే మాట: "ఎమ్మెల్యేతో చెప్పించమ్మా." ఎమ్మెల్యే ఇంటికి పోతే ఇంకో మాట: "ఎలక్షన్లు అయిపోనీ తల్లీ."

"ఆ సెప్పేదేదో అసెంబ్లీలో నేనే సెప్తాలే," అని ఇంటికొచ్చి తల్లితో అంది.

ముత్తమ్మ పొయ్యి ఊదుతూ, "నీకు మాటలే రావు గదమ్మే," అంది.

అప్పుడే ఆదోని నుంచి పిలుపొచ్చింది. రామసుబ్బయ్య పత్తి వ్యాపారి. ఒక పెద్ద పార్టీకి ఈ వైపు చెయ్యీ కాలూ ఆయనే. ఆయన దుకాణంలో పత్తి బోరాల మధ్య కుర్చీ వేయించి, రూత్‌కు మజ్జిగ తెప్పించాడు.

"మా పార్టీ జీపెక్కు తల్లీ. ఊరూరూ తిరుగు. చెండు చేతిలో పట్టుకో, నవ్వు. చాలు. మాటలు మావాళ్లు మాట్లాడతారు."

"టికెట్టు ఇస్తారా సావుకారీ?"

"యాడికి? సినిమాకా?"

ఆయన నవ్వితే గుమాస్తాలు నవ్వారు. గుమాస్తాలు నవ్వితే హమాలీలు కూడా నవ్వాల్సి వచ్చింది. రూత్ ఆయన నడుము చూసింది. అది అప్పటికే కాటా వైపు తిరిగిపోయి ఉంది. మజ్జిగ మాత్రం మొత్తం తాగి లేచింది.

ఇండిపెండెంటుగా నామినేషన్ వేసింది. ఆ వారమే కలకత్తా క్లబ్బు ఫోన్ చేసింది. వచ్చే సీజనుకు సంతకం పెడతావా, ఎన్నికల్లో నిలబడతావా, రెండూ కుదరవంది. మోకాలు అప్పుడప్పుడూ సలుపుతున్న వయసులో, ఒకసారి వదిలిన క్లబ్బు మళ్లీ పిలవదని ఆమెకు తెలుసు. అయినా ఎన్నికలే అంది. ఇక అటు దారి మూసుకుపోయింది. ఇటు ఈ నియోజకవర్గం జనం ఆమెను తమ మనిషి అనుకుంటే ఒక బతుకు, అనుకోకపోతే ఏదీ లేదు. అనుకుంటారో లేదో మాత్రం తెలియదు. ప్రచారానికి పోయిన చోటల్లా, "టీవీలో కనిపించేది నువ్వేనా?" అని నిలబడి చూసేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు. ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. నిలబడి చూసేవాళ్ల నడుములు ఎప్పుడూ సగం ఇంటివైపే తిరిగి ఉంటాయి.

ఎన్నికల గుర్తు ఫుట్‌బాలు దొరికింది. ప్రచారానికి రెండే బలగాలు. ఒకటి ఈరేష్, ఆటో. ఈరేష్ రూత్‌తో కలిసి బడికి పోయినవాడు. రూత్ లారీ ఎక్కి బడి ఎగ్గొడితే, ఇతను ఏమీ ఎక్కకుండానే ఎగ్గొట్టేవాడు. అతని గొంతుకు మైకు అవసరం లేదు గానీ, మైకుకు అతని గొంతు అవసరం. రెండో బలగం యశ్వంత్. సాక్షాత్తూ రామసుబ్బయ్య కొడుకు. ఎం.ఏ. తెలుగు చదివినవాడు. ఫోనులో రూత్ ఆట చూసి చూసి అభిమానియై, తండ్రి దుకాణంలోంచి లేచొచ్చి కరపత్రాలు రాసే పనిలో చేరాడు.

పోలింగు ఇంకో వారం ఉందనగా, ఎమ్మిగనూరు సంతబయలులో ఆదివారం సాయంత్రం రెండు ఆటలు పెట్టాలని అనుకున్నారు. మొదట హాస్టలు పిల్లలది, ఆ తర్వాత రూత్ దిగి ఊరి కుర్రాళ్లతో ఆడేది. ఆట చూసేందుకైనా జనం కాసేపు కూర్చుంటారు, అప్పుడు నాలుగు మాటలు చెప్పొచ్చు. కరపత్రం దగ్గర తగాదా వచ్చింది.

"చెండు అంటే మోటుగా ఉంటాది అక్కా," అన్నాడు యశ్వంత్. "ఫుట్‌బాల్ అంటే ఇంగ్లీషు. బంతి అని రాద్దాం. ఎంత బాగుంటాదో సూడు."

"ఈడ బంతి అని ఎవురంటారప్పా?" అన్నాడు ఈరేష్.

"పుస్తకాల్లో అంటారు."

"ఓట్లు పుస్తకాలేస్తాయా?"

"నీకు భాష మింద గౌరవం లేదు ఈరేషన్నా."

"నాకు డీజిలు మింద గౌరవం. పొద్దున్నించీ తిరుగుతాండా."

రూత్ మోకాలికి పట్టీ చుట్టుకుంటోంది. "ఏదో ఒకటి రాయండ్రప్పా, పొద్దుపోతాంది," అంది. మైదానంలో అంత జాగ్రత్తగా ఉండే మనిషి, అక్కడ మాత్రం చూడకుండా వదిలేసింది.

ఈ సీమలో కాలితో తన్నేది చెండు. బంతి అంటే భోజనానికి వరుసగా కూర్చోవడం. ఉరుకుంద ఈరన్నకు మొక్కు తీర్చుకున్నవాళ్లు పెట్టేది బంతి. పెళ్లిలో మొదటి బంతి, రెండో బంతి. ఆ మాట చెవిన పడితే మనిషి చూపు ఆకు వైపు పోతుంది గానీ ఆకాశం వైపు పోదు. రూత్ వాళ్ల వాడకు ఆ మాటలో ఇంకో ముల్లు కూడా ఉంది. పెద్దిళ్ల పెళ్లిళ్లలో వాళ్లకు దక్కేది ఆఖరి బంతి. అది కూడా గోడకు అవతల.

అయినా ఈరేష్ కరపత్రంలో ఉన్నది ఉన్నట్టు చదివి ఊరుకుని ఉంటే అంత ముప్పు వచ్చేది కాదేమో. ఉన్నది ఉన్నట్టు చదవడం అతని వంశంలోనే లేదు. శుక్రవారం నుంచి ఆటో గోనెగండ్ల దాకా పోతూ వస్తూ అరిచింది.

"రాండి అక్కల్లారా, అన్నల్లారా! ఆదివారం సంతబయల్లో రూతక్క బంతి! పెద్దా చిన్నా లేదు, కులమూ గిలమూ లేదు, అందరికీ ఒకటే బంతి! మొదటి బంతి ఐదు గంటలకు, రెండో బంతి ఆరు గంటలకు! ముందొచ్చినోళ్లకు ముందు జాగా! ఇట్లాంటి బంతి మీ తాతలు సూసుండరు, మీ మనవళ్లు సూడబోరు!"

ఒక ఊళ్లో ముసలాయన ఆటోకు అడ్డంగా నిలబడి, "ఏమేమి ఉంటాయప్పా బంతిలో?" అని అడిగాడు.

"అన్నీ ఉంటాయి తాతా!" అన్నాడు ఈరేష్. అతని మనసులో ఉన్నది తలతో కొట్టే హెడ్డింగులు, కార్నర్లు.

ఆదివారం సాయంత్రం రూత్ బూట్లు భుజాన వేసుకుని సంతబయలుకు వచ్చేసరికి అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. ట్రాక్టర్లలో వచ్చారు, ఆటోల్లో వచ్చారు, నేతగాళ్ల వీధుల్లోంచి మగ్గాలు ఆపుకుని వచ్చారు. ముగ్గుపిండితో గీసిన మైదానం మీద, ఈ గోలు కర్రల నుంచి ఆ గోలు కర్రల దాకా, తెల్లగీతల వెంబడే వరుసలు కట్టి కూర్చున్నారు. పెనాల్టీ గీత మీద ముసలివాళ్లు. నడిమధ్య గుండ్రటి గీత చుట్టూ పిల్లలు. కొందరి చేతుల్లో ఇంటికి పట్టుకుపోయేందుకు డబ్బాలు.

రూత్ సంతోషం ఎంతసేపున్నదీ చెప్పాలంటే, ఆమె వరుస మొదట్లో కూర్చున్న తాయమ్మ దగ్గరికి నడిచినంతసేపు.

"కూకున్నామమ్మే," అంది తాయమ్మ. "ఆకులెప్పుడేస్తారు?"

"ఏం ఆకులు పెద్దమ్మా?"

"విస్తరాకులు. సేతిలో పెడతావా ఏంది?"

రూత్ వెనక్కి తిరిగి ఈరేష్‌ను చూసింది. ఈరేష్ యశ్వంత్‌ను చూశాడు. యశ్వంత్ చేతిలోని కరపత్రాన్ని చూసుకుని, దాన్ని మెల్లగా మడిచి, జేబులో పెట్టుకుని, కింద కూర్చుండిపోయాడు.

"నేను ఆ పొద్దే సెప్పినా..." అని ఈరేష్ మొదలుపెట్టాడు.

"నోరు మూసుకో," అంది రూత్.

ఇంత గందరగోళం చాలదన్నట్టు అప్పుడే ఎన్నికల తనిఖీ జీపు వచ్చింది. రూత్ జనానికి విందు పెడుతోందని ఎవరో ఫోన్ చేశారు. ఆ ఎవరో ఎవరన్నది జీపు వెనకే కారులో వచ్చిన రామసుబ్బయ్య మొహంలో కనిపిస్తూనే ఉంది. జీపులోంచి అధికారి దిగాడు, వీడియో తీసే కుర్రాడు దిగాడు.

"ఓటర్లకు భోజనం పెడితే కేసు అవుతుందమ్మా," అన్నాడు అధికారి. "పోటీలోంచి కూడా పోవచ్చు."

పెడితే పోటీ పోతుంది. పెట్టకపోతే జనం పోతారు. కడుపుకు ఆశపెట్టి లేపితే ఈ సీమలో ఎవరూ మరిచిపోరు. "పిలిచి బంతిలో కూకోబెట్టి ఉత్త సేతులు సూపిచ్చింది" అన్న మాట మనవళ్ల దాకా నిలుస్తుంది. పైగా పెట్టేందుకు గింజ వండలేదు. రామసుబ్బయ్య కారుకు ఆనుకుని, చేతులు కట్టుకుని, మంచి సినిమాకు ముందే వచ్చినవాడిలా నిలబడ్డాడు.

రూత్ అంత పెద్ద జనాన్ని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది. కాళ్లు చూడలేదు, కళ్లు చూడలేదు. నడుములు చూసింది. ప్రచారం మొదలుపెట్టాక మొదటిసారి అవన్నీ నేలకు ఆని ఉన్నాయి. ఏ ఒక్కటీ ఇంటివైపు తిరిగి లేదు. దీన్ని పాడుచేయకూడదని మాత్రం ఆమెకు అర్థమైంది. ఎట్లాగో తెలియలేదు. ఈరేష్ చేతిలోంచి మైకు లాక్కుంది.

"వంట సేయలేదు," అంది.

వరుసల్లో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"ఈరేషు సెప్పిన బంతి ఇది." చెండును తలమీదికి ఎత్తి చూపింది. "సెండును పుస్తకంలో బంతి అంటారంట. మేము అదే సెప్పినాము. మీరు మన బంతి అనుకున్నారు. తప్పు మాదే. ఇప్పుడు నేను బువ్వ పెడితే ఈ సారు కేసు రాస్తాడు. పెట్టకుంటే మీరు తిడతారు. తిట్టండి."

అంతే. అసెంబ్లీకి పోవాలనుకునే మనిషి మాట్లాడిన అతి పొడవైన ఉపన్యాసం అదే.

వెనక వరుసలోంచి ఒక మగ గొంతు లేచింది.

"తిట్టేదానికైనా కడుపులో ఏమన్నా పడాల గదమ్మా!"

ఎక్కడో ఒకరు పకపకా నవ్వారు. ఆ నవ్వు వరుస వెంబడి పాకింది. ముందు వరుసల్లో ఇద్దరు ముగ్గురు మాత్రం పంచెలు దులుపుకుని లేచి పోయారు. పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకున్నప్పుడే వాళ్ల నడుములు తిరిగాయని రూత్ గమనించింది. వాళ్లను ఆపలేదు. వాళ్ల వెనక ఇంకొందరు మోకాళ్ల మీద చేతులు ఆనించారు, లేవాలా వద్దా అన్నట్టు.

అప్పుడు తాయమ్మ నోరు తెరిచింది. ఆ నోటికి మిరపచేల మేస్త్రీలు కూడా దారి ఇస్తారు.

"యాడికప్పా లేస్తాండారు? బంతిలో కూకున్నంక తినకుండా లేస్తే ఎవురికి మంచిది? బంతి బంతంతా తిన్నంకనే లేసేది. మీ అమ్మలు నేర్పలేదా?"

"తినేదానికి ఏముందవ్వా?" అన్నాడు ఒకడు.

"ఏమి లేదు? నీ సంకలో మూటేంది? పిల్లోడా?"

వాడి చంకలో ఉన్నది రొట్టెల మూటే. ఎందుకంటే ఈ ప్రాంతపు జనానికి ఎన్నికల సభలు కొత్త కాదు. బిర్యానీ పొట్లాలంటారు, లారీ వస్తోందంటారు, ఆఖరికి అవి ముందు నిలబడ్డవాళ్లకే అయిపోతాయి. ఆ అనుభవంతో దూరపు ఊళ్లవాళ్లు ఎంత పెద్ద విందుకు పిలిచినా నాలుగు జొన్నరొట్టెలు కట్టుకోకుండా ఇల్లు కదలరు. తాయమ్మ అయితే పత్తికట్టె పీకే పనినుంచి నేరుగా వచ్చింది. ఆమె సద్ది ఆమె దగ్గరే ఉంది. గుడ్డ విప్పి, మోకాలి మీద పరిచి, రొట్టెను రెండుగా తుంచి, సగం పైకెత్తింది.

"రామ్మే. మధ్యాన్నం నించీ తిరుగుతాండావు. నువ్వు తినింది యాడ? రా, కూకో."

రూత్ కూర్చోబోయి ఆగింది. అధికారి వైపు తిరిగింది.

"సారూ, నేను ఓటర్లకు పెడితే కేసు."

"అవునమ్మా."

"ఓటర్లు నాకు పెడితే?"

అధికారి పక్కకు పోయి పైవాళ్లకు ఫోన్ చేశాడు. చాలాసేపు "సార్, సార్" అన్నాడు. తిరిగొచ్చి, "దాని గురించి ఎవరూ ఏమీ రాయలేదంటమ్మా," అన్నాడు. ఆయన మొహంలో కూడా ఆకలే కనిపించింది.

రూత్ బూట్లు పక్కన పెట్టి, తాయమ్మ పక్కన నేలమీద కూర్చుంది. చేతిలో సగం రొట్టె, దానిమీద ఎర్రకారం. ఆమె మొదటి ముక్క నోట్లో పెట్టుకోవడం కోసమే ఆగినట్టు, బయలంతా మూటలు విప్పుకునే చప్పుడు మొదలైంది. రొట్టెలున్నవాళ్లు లేనివాళ్ల వైపు తుంచి జరిపారు. ఒకరి గురెళ్ల కారప్పొడి నాలుగు చేతులు మారింది. ఉరుకుందకు పోయి వస్తూ దారిలో దిగినవాళ్లు కొబ్బరిచిప్పలు పగలగొట్టారు. ఎదుటి నేతగాళ్ల ఇళ్లలోంచి ఆడవాళ్లు కుండలతో నీళ్లు, జాడీతో ఊరగాయ మోసుకొచ్చారు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నది అప్పటికి చీకటి పడకపోయినా కనిపించడం మానేసింది. ముత్తమ్మ వరుసల మధ్య ఊరగాయ వేస్తూ పోతుంటే, ఆమెను ఎన్నో పెళ్లిళ్లలో గోడ అవతల కూర్చోబెట్టిన ఇళ్లవాళ్లు చేతులు చాపి, "ఇంకింత ఎయ్యమ్మా," అన్నారు. ఆమె వేసింది. కొంచెం గొప్పగానే వేసింది.

వీడియో కుర్రాడు ఒక చేత్తో కెమెరా, ఒక చేత్తో రొట్టె పట్టుకుని అన్నీ తీశాడు.

వరుస పెరిగి పెరిగి కారు దాకా వచ్చింది. తాయమ్మ అక్కడినుంచే కేకేసింది.

"సావుకారీ! నిలబడితే బంతికి అడ్డం. కూకో, లేకుంటే కారు తీసుకోని పో."

"నాకు షుగరమ్మా," అన్నాడు రామసుబ్బయ్య.

"షుగరోళ్లు తినాల్సింది జొన్నరొట్టే అని డాక్టర్లు మొత్తుకుంటాండారు గదా సావుకారీ!"

ఈసారి ముందు నవ్వింది వరుసలో కూర్చున్న ఆయన హమాలీలు. కారులో ఆయనతో వచ్చిన గుమాస్తాలు ఆ తర్వాత నవ్వారు. యశ్వంత్ లేచి పోయి, తండ్రి చేతిలో ఒక రొట్టెముక్క పెట్టి, "కూకో నాయనా," అన్నాడు. దుకాణం వదిలి పోయిన కొడుకు ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది. రూత్ దూరం నుంచే ఆయన నడుము చూసింది. అది కారు వైపు సగం తిరిగి, ఆగి, మెల్లగా, కీళ్లు పటపటమంటుండగా, కిందికి వంగింది.

అందరూ తిన్నారు. వరుస వరుసంతా ఒకేసారి లేచింది. చేతులు కడుక్కుని గీతల అవతలికి జరిగారు. అప్పుడు, మిగిలిన వెలుతురులో, రెండు బంతులూ జరిగాయి. పుస్తకంలో బంతులు. ఒక్కరు ఇంటికి పోలేదు.

ఇక ఆ తర్వాత కథ ఎలా తిరగాలో అలా తిరిగింది. ఉరుకుంద బస్సులో వినిపించే లెక్కలో, ముత్తమ్మ కొంగులో తెచ్చిన నాలుగు రొట్టెలను రూత్ తుంచుతూ పోతే రెండు మండలాలు తిని, మిగిలినవి ఆదోనికి లారీకెత్తారు. గోనెగండ్ల లెక్కలో ఆ సాయంత్రం ఆమె కొట్టిన గోలు దెబ్బలకు కర్రలు విరిగాయి. గూడూరు లెక్కలో అయితే ఎన్నికల్లో ఆమే గెలిచింది, పెద్దవాళ్లు బతిమాలితే కుర్చీ వాళ్లకు వదిలేసింది. ఈరేష్ ఆటో ఎక్కినవాళ్లకు ఈ మూడూ కలిపి దొరుకుతాయి. నిజంగా గెలిచి కుర్చీ ఎక్కిన మనిషి, ఆ బంతి జనాన్ని తలుచుకుని ఎందుకైనా మంచిదని, రెండు ఊళ్లలో సుగ్గి పిల్లలకు హాస్టళ్లు తెరిపించిన మాట మాత్రం అందరూ చూశారు. ఈ సుగ్గికి జట్టులో ఒక్కరు కూడా లారీ ఎక్కలేదు. రామసుబ్బయ్య ఈమధ్య పార్టీ టికెట్టు గురించి తనే కబురు పంపుతున్నాడు. రూత్ వినబోయేముందు ఆయన్నే వచ్చి, నడుము కనబడేలా నిలబడమంటోందట.

మొన్న కర్నూలు నుంచి ఒక టీవీ అబ్బాయి వచ్చి, సంతబయలులో పిల్లలకు ఆట నేర్పుతున్న రూత్ ముందు మైకు పెట్టి, ఆ రోజు జరిగిన అద్భుతం గురించి నాలుగు మాటలు చెప్పమన్నాడు. ఆమె బూటు దారం ముడివేసుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పింది:

"అద్భుతమేమి లేదప్పా. మాయమ్మ తెచ్చిన రొట్టెలు ఆడే పిల్లోళ్లకు, వాళ్లు అప్పటికే తినేసినారు. జనం ఎవురి సద్ది వాళ్లు తిన్నారు, నాకింత పెట్టినారు. గోలు నేను కొట్టలేదు, నేను ఆడేది వెనకాల. ఎలక్షన్లో ఓడిపోయినా, మూడోదాన్ని. మళ్లా నిలబడతాండా. ఆ పొద్దు ఉల్లిగడ్డలు గూడా సాలలేదు."